ఆకుపచ్చ అప్సరస... నాయికా? ఖలనాయికా?

విలన్ అంటే మనకెంత ఇష్టమో వేరే చెప్పాలా? హాల్లో హీరోకి ఈలలు వేస్తాం. ఇంటికొచ్చాక మాట్లాడుకునేది మాత్రం విలన్ గురించే. ఎస్వీ రంగారావు నవ్వు, రాజనాల కనుబొమ్మ, రావు గోపాలరావు నింపాదిగా చెప్పే డైలాగు... వీటిని మర్చిపోయిన తెలుగు ప్రేక్షకుడు ఉంటాడా?

అలాంటి విలనే ఒకటి విదేశీ సినిమాల్లో ఉంది. అది మనిషి కాదు, దెయ్యమూ కాదు. ఒక సీసా! సీసాలో ఆకుపచ్చగా మెరిసే మందు. పేరు అబ్సింత్. ఫ్రెంచి వాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు 'ఆకుపచ్చ దేవకన్య'. మన భాషలో అప్సరస అనుకుందాం. ప్రాస కూడా కుదిరింది!

ఈ అప్సరస తెర మీద కనిపించిందంటే ఏదో కొంప మునగబోతోందని అర్థం. 1992లో కొప్పోలా తీసిన 'డ్రాకులా'లో, ఆ రక్తపిశాచి ప్రభువు కథానాయికని వలలో వేసుకునే ఘట్టంలో గ్లాసులో ఉన్నది ఇదే. 1995లో వచ్చిన 'టోటల్ ఎక్లిప్స్'లో, ఇంకా మీసం కూడా సరిగ్గా రాని లియొనార్డో డికాప్రియో కవి రాంబో వేషంలో గుటకలు వేసింది ఇదే. 2001లో 'మౌలిన్ రూజ్' చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కుర్ర కళాకారులంతా ఒక్క గుక్క వేయగానే సీసా మీది బొమ్మ రెక్కలు విప్పుకుని ఎగురుతుంది. ఆ పచ్చ కన్యగా కనిపించింది పాప్ గాయని కైలీ మినోగ్. (ఆ సినిమాలోనే మన హిందీ 'చైనా గేట్' లోని 'ఛమ్మా ఛమ్మా' బాణీ కూడా వినిపిస్తుంది. అది వేరే సంగతి లెండి!) అదే 2001లో 'ఫ్రమ్ హెల్' చిత్రంలో డిటెక్టివ్ జానీ డెప్ స్నానాల తొట్టిలో పడుకుని, చక్కెర బిళ్ళకి నిప్పంటించి మరీ దీన్ని తయారు చేసుకుంటాడు.

ఇన్ని సినిమాలు చూశాక నాకొక్కటే అనుమానం. నిజంగా ఇది తాగితే కళ్ళ ముందు అప్సరసలు ఆడతారా? కవులకి కవిత్వం పొంగుకొస్తుందా? లేక ఇదంతా మేకప్పేనా?

షూటింగ్ లేని ఒక రోజు

సందేహం తీర్చుకునే అవకాశం అనుకోకుండా వచ్చింది. మన తెలుగు సినిమా పాటలకీ స్విట్జర్లాండ్‌కీ ఉన్న చుట్టరికం మీకు తెలిసిందే. అలాంటి ఒక యూనిట్‌తో విశేషాలు రాసి పంపే పని మీద వెళ్ళాను. ఒకరోజు తెల్లారేసరికి కొండలన్నీ మబ్బులో మునిగాయి. కెమెరాలకి గొడుగులు పట్టి పట్టి విసిగిపోయి, మధ్యాహ్నానికి ప్యాకప్ చెప్పేశారు. మావాళ్ళంతా చాక్లెట్లూ వాచీలూ కొనుక్కోవడానికి బయల్దేరారు. నేను న్యూషాటెల్‌లో ఒక చిన్న రైలెక్కాను.

ఆ రైలు వాల్ ద ట్రావేర్ అనే లోయలోకి వెళ్తుంది. రెండు పక్కలా నల్లటి అడవి, మధ్యలో సన్నటి నది, అక్కడక్కడా పొడుగాటి కొంకి కప్పుల ఇళ్ళు. పోస్ట్‌కార్డు మీద వేసే స్విట్జర్లాండ్ ఇది కాదు. మంచు కొండల్లేవు, టూరిస్టులు లేరు. నిజానికి మన సినిమా వాళ్ళెవరూ ఇక్కడ పాట తీయరు. కానీ ఆకుపచ్చ అప్సరస పుట్టిల్లు ఇదే!

మోటియే అనే ఊళ్ళో దిగాను. తత్త్వవేత్త రూసో 1762 నుంచి 1765 దాకా తలదాచుకున్న ఊరిది. ఇక్కడ అబ్సింత్ మ్యూజియం ఉంది. 2014లో తెరిచారు. ఆ భవనం అంతకుముందు ఏమిటో తెలుసా? కోర్టు! దొంగచాటుగా అబ్సింత్ కాచినవాళ్ళని నిలబెట్టి జరిమానాలు వేసిన కోర్టు. ముద్దాయికే చివరికి జడ్జి గారి ఇల్లు రాసిచ్చారన్నమాట. ఇంతకంటే మంచి క్లైమాక్స్ మన రచయితలు మాత్రం రాయగలరా?

పూజ లాంటి పద్ధతి

లోపల బల్ల మీద గాజు ఫౌంటెన్ ఒకటి పెట్టారు. దాని నిండా ఐసు నీళ్ళు, చుట్టూ నాలుగు బుల్లి కుళాయిలు. ముందు కూర్చున్న పెద్దావిడ నాకు గ్లాసులో రెండు వేళ్ళ లోతు అబ్సింత్ పోసింది. గ్లాసు మీద అడ్డంగా చిల్లుల చెంచా, చెంచా మీద చక్కెర బిళ్ళ. కుళాయి తిప్పి, "చుక్క... చుక్క..." అంది వచ్చీరాని ఇంగ్లీషులో, వేలితో చూపిస్తూ.

నీటి బొట్టు చక్కెర మీద పడుతుంది. చక్కెర కరిగి గ్లాసులోకి జారుతుంది. అప్పుడు మొదలవుతుంది మాయ! అడుగున పొగమంచు పుట్టి, మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. ఆకుపచ్చదనం మెల్లగా పాలిపోయి, చివరికి గ్లాసంతా ముత్యపు రంగు తెలుపు. ఒక వంతు మందుకి మూడు నుంచి ఐదు వంతుల నీళ్ళు. తొందరపడితే ఆ మబ్బు సరిగ్గా కట్టదు. నా గ్లాసు తయారవడానికి అయిదు నిమిషాలు పట్టింది. మన సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం కోసం కూర్చున్నట్టే ఓపికగా కూర్చున్నాను.

ఇందులో మంత్రం లేదు, రసాయన శాస్త్రం ఉంది. అబ్సింత్‌లో అనెథోల్ అనే సువాసన నూనె ఉంటుంది. అది ఆల్కహాలులో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నీళ్ళు పడే కొద్దీ నూనె సన్నని బిందువులుగా విడిపోయి వెలుతుర్ని చెదరగొడుతుంది. అందుకే ఆ తెలుపు. నమ్మకం లేకపోతే ఇంట్లో డెట్టాల్ మూతతో తీసి గిన్నెడు నీళ్ళలో పోసి చూడండి. దాదాపు అదే దృశ్యం!

ఆ అనెథోల్ మనకి బొత్తిగా పరాయిదేమీ కాదు. భోజనం అయ్యాక నములుతామే సోంపు, అందులో ఉన్నదీ అదే. బిర్యానీలో వేసే అనాస పువ్వు వాసనా దానిదే. అబ్సింత్‌కి ముఖ్యమైన దినుసులు మూడు. సోంపుని పోలిన ఆనిస్ గింజలు, సోంపు, వర్మ్‌వుడ్ అనే చేదు ఆకు. ఈ మూడింటినీ ఘాటైన ఆల్కహాలులో నానబెట్టి బట్టీ పడతారు. దిగింది తెల్లగా నీళ్ళలా ఉంటుంది. దాంట్లో మళ్ళీ మరికొన్ని ఆకులు నానేస్తే, ఆకుల్లోని పత్రహరితం దిగి ఆ ప్రసిద్ధమైన పచ్చ రంగు వస్తుంది.

వర్మ్‌వుడ్ కూడా మనకి చుట్టమే సుమండీ! దాని శాస్త్రీయ నామం ఆర్టెమిసియా అబ్సింథియమ్. ఆ ఆర్టెమిసియా కుటుంబంలోదే మన దవనం, పూలదండలో మరువం పక్కన గుచ్చుకునే దవనం. ఆ కుటుంబంలోదే మాచిపత్రి, వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట వేసే ఆకు. మనం దేవుడి పాదాల మీద వేసిన దాని అక్కచెల్లెల్ని వాళ్ళు సీసాలో దించారు. అంతే తేడా.

ఇక రుచి అంటారా... మొదటి గుక్క మిఠాయి కిళ్ళీలా తియ్యగా, చల్లగా దిగింది. మింగాక నాలుక వెనక నుంచి మెల్లగా చేదు లేచింది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చివర్లో పలకరించినట్టు. ఆ చేదు బాగుంది. అది లేకపోతే ఉత్త సోంపు షర్బత్ అయిపోయేది. అప్సరసలెవరూ ప్రత్యక్షం కాలేదు. చెవులు మాత్రం కొంచెం వెచ్చబడ్డాయి. ఎందుకు పడవు! మన దేశంలో అమ్మే విస్కీలో ఆల్కహాలు మామూలుగా 42.8 శాతం. దీంట్లో 50 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. నీళ్ళు కలపకుండా తాగే సాహసం సినిమాల్లోనే చెల్లుతుంది.

అన్నట్టు, చక్కెరకి నిప్పు పెట్టడం గురించి అడిగితే పెద్దావిడ మొహం చిట్లించింది. ఆ విన్యాసం 1990లలో చెక్ దేశపు బార్లలో పుట్టిన తమాషా. 'ఫ్రమ్ హెల్' కథ జరిగేది 1888లో. అంటే జానీ డెప్ నూరేళ్ళు ముందుగానే నిప్పంటించాడన్నమాట!

ఎక్స్‌ట్రా వేషం నుంచి స్టార్‌డమ్‌కి

ఈ అప్సరస కెరీర్ మొదలైంది చాలా చిన్న వేషంతో. 18వ శతాబ్దం చివర్లో, ఈ లోయలోని కువే అనే ఊళ్ళో దీన్ని కడుపునొప్పికీ అజీర్ణానికీ టానిక్‌లా ఇచ్చేవారు. పియర్ ఆర్డినేర్ అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టాడని ఒక కథ. కాదు, ఆయన రాకముందే ఆ ఊరి ఆడవాళ్ళు ఇంట్లో కాచేవారని ఇంకో కథ. కథ ఎవరిదైనా సొమ్ము చేసుకున్నది మాత్రం డ్యూబియే, ఆయన అల్లుడు పెర్నో. 1797 ప్రాంతంలో కువేలో బట్టీ పెట్టారు. 1805లో పెర్నో సరిహద్దు దాటి, ఫ్రాన్స్‌లో పోంటార్లియే పట్నంలో ఫ్యాక్టరీ తెరిచాడు. ఆ పట్నమే తర్వాత అబ్సింత్ రాజధాని అయ్యింది.

పెద్ద బ్రేక్ ఇచ్చింది సైన్యం. 1840లలో అల్జీరియాలో పోరాడుతున్న ఫ్రెంచి సైనికులకి జ్వరాలు రాకుండా దీన్ని ఇచ్చేవారు. వాళ్ళు ఇంటికొచ్చాక జ్వరం లేకపోయినా రుచి వదల్లేదు! కాఫీ హోటల్లో కూర్చుని అదే అడిగారు. సైనికుణ్ణి చూసి దొరబాబు, దొరబాబుని చూసి గుమాస్తా... సాయంత్రం 5 గంటలంటే 'పచ్చ గంట' అని పేరు పడిపోయింది.

రెండో బ్రేక్ ఇచ్చింది ఒక పురుగు. 1860ల నుంచి ఫిలోక్సెరా అనే పేను లాంటి పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష తోటల వేళ్ళు తినేసింది. వైన్ కరువైంది, ధర మండిపోయింది. అబ్సింత్ కంపెనీలు ద్రాక్ష సారా మానేసి చవకైన దుంప, ధాన్యం ఆల్కహాలుకి మారి ధర దించేశాయి. నేల టికెట్టు వాడు కూడా కొనగలిగిన ధర! 1910 నాటికి ఫ్రాన్స్ ఏడాదికి 3 కోట్ల 60 లక్షల లీటర్లు తాగుతోందంటే ఆలోచించండి.

ఆ రోజుల్లో సినిమా ఇంకా పొత్తిళ్ళలో ఉంది. అయినా అప్సరసకి వేషం దొరికింది. 1899లో, ప్రపంచంలోనే తొలి మహిళా దర్శకురాలిగా పేరున్న ఆలిస్ గీ, 'లా బోన్ అబ్సాంత్' అనే బుల్లి హాస్య చిత్రం తీసింది. పేపర్లో తల దూర్చిన పెద్దమనిషి నీళ్ళు గ్లాసులో పోయకుండా పక్కనున్న తన టోపీలో పోసుకుంటాడు. అప్పటికి అబ్సింత్ ఇంకా కామెడీ పాత్రే. విలన్ వేషం తర్వాత కట్టబెట్టారు.

తాగని నటి, తాగిన బొమ్మ

ఆ వేషానికి మేకప్ టెస్ట్ జరిగింది చిత్రకారుల దగ్గర. 1859లో మానే 'అబ్సింత్ తాగేవాడు' అని చింపిరి బట్టల మనిషిని గీస్తే పారిస్ ప్రదర్శన వాళ్ళు ఛీకొట్టి తిప్పి పంపారు. అసలు సంచలనం 1875-76లో దేగా గీసిన బొమ్మది. ఒక కేఫ్ మూల, పక్కపక్కనే ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆమె ముందు తెల్లబడిన అబ్సింత్ గ్లాసు. భుజాలు జారిపోయి, చూపు ఎక్కడా ఆనకుండా కూర్చుంటుంది. ఆ బొమ్మ చూస్తే 'అయ్యో, ఈ మనిషి పని అయిపోయింది' అనిపిస్తుంది. 1893లో లండన్‌లో ప్రదర్శిస్తే అక్కడి విమర్శకులు నీతులతో విరుచుకుపడ్డారు. ఆమెని ఏమేం మాటలన్నారో!

ఇంతకీ ఆమె ఎవరు? ఎలెన్ ఆంద్రే. నటి! ఆ పక్కన కూర్చున్నాయన దేగా స్నేహితుడైన చిత్రకారుడు దెబూతాన్. దేగా కూర్చోమన్నాడు, కూర్చున్నారు. అంటే ఆమె చేసింది నటన. ఆ తర్వాత చాలా ఏళ్ళు రంగస్థలం మీద రాణించింది కూడా.

నాకు వెంటనే గుర్తొచ్చింది మన 1953 నాటి 'దేవదాసు'. ఆ మత్తు కళ్ళ కోసం అక్కినేని సేవించింది సారా కాదు, పెరుగన్నం! పెరుగన్నం తిని, రాత్రిళ్ళు షూటింగ్ చేస్తే కళ్ళు వాటంతటవే బరువుగా వాలేవని ఆయనే చెప్పుకున్నారు. అయినా ఇవాళ్టికీ గ్లాసు పట్టుకున్న ప్రతి భగ్న ప్రేమికుడూ తన వెనక దేవదాసు ఉన్నాడనుకుంటాడు. బొమ్మకి ఉన్న బలం అలాంటిది.

ఒక హత్య, ఒక తీర్పు

1905 ఆగస్టు 28. స్విట్జర్లాండ్‌లో కొమ్యూనీ అనే పల్లె. జాన్ లాన్‌ఫ్రే అనే ద్రాక్షతోట కూలీ ఇంటికొచ్చాడు. భార్యతో చిన్న గొడవ. తుపాకీ తీశాడు. గర్భంతో ఉన్న భార్యనీ, ఇద్దరు పసి కూతుళ్ళనీ కాల్చి చంపేశాడు.

ఆ రోజు అతను పొద్దుటి నుంచీ తాగుతూనే ఉన్నాడు. గ్లాసుల మీద గ్లాసులు వైన్, బ్రాందీ, పుదీనా మద్యం. ఈ లెక్కలో అబ్సింత్ ఎంతో తెలుసా? రెండు గ్లాసులు! కానీ మర్నాటి నుంచి పేపర్లన్నీ రాసింది ఆ రెండు గ్లాసుల గురించే. వైన్ పేరెత్తితే ఒట్టు! ఎందుకెత్తుతారు? వైన్ ఆ ప్రాంతపు అన్నం. నేరం మీద పడేయడానికి పొరుగు లోయ నుంచి వచ్చిన పచ్చ సీసా సిద్ధంగా ఉంది. నిషేధించమని 82 వేల పైచిలుకు మంది సంతకాలు పెట్టారు. 1908లో దేశమంతా ఓటు వేసి, నిషేధాన్ని ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1910 అక్టోబరు నుంచి అమలు. లాన్‌ఫ్రే మాత్రం అప్పటికే, 1906లో, శిక్ష పడిన మూడు రోజులకే జైల్లో ఉరి వేసుకున్నాడు.

మిగతా దేశాలూ అదే బాట. అమెరికా 1912లో, ఫ్రాన్స్ 1915 మార్చిలో తలుపులు మూసేశాయి. ఫ్రాన్స్‌లో ఈ ఉద్యమానికి వెన్నుదన్ను ఎవరో ఊహించండి. మద్యపాన నిరోధకులు ఒక పక్క. మరో పక్క వైన్ రైతులు! ద్రాక్ష తోటలు మళ్ళీ చిగురించాయి, పోయిన గిరాకీ తిరిగి కావాలి. 1907లో పారిస్‌లో పెట్టిన సభలో నినాదమే 'అందరం వైన్ వైపు, అబ్సింత్‌కి ఎదురు' అని. మద్యపానం మీద యుద్ధానికి ఒక మద్యమే సేనాధిపతి!

డాక్టర్ల సాక్ష్యం ఉంది కదా అంటారేమో. ఉంది. మాన్యాన్ అనే పారిస్ వైద్యుడు గినీ పందులకి వర్మ్‌వుడ్ నూనె ఎక్కించి, అవి మూర్ఛతో గిలగిల్లాడటం చూపించాడు. అది నిజమే. ఆ నూనెలోని థుజోన్ అనే పదార్థం మోతాదు మించితే నరాల మీద దెబ్బ కొడుతుంది. కానీ గ్లాసులో ఉన్న థుజోన్ ఎంత? 2008లో శాస్త్రజ్ఞులు నిషేధానికి ముందు నాటి 13 సీసాలు విప్పి కొలిచారు. లీటరుకి సగటున పాతిక మిల్లీగ్రాములు. ఇవాళ యూరప్‌లో ఇలాంటి పానీయాలకి అనుమతించే హద్దు కిలోకి 35 మిల్లీగ్రాములు. ఆ మోతాదుతో భ్రమలు కలగాలంటే, అంతకంటే ముందే ఆల్కహాలు మనిషిని మట్టికరిపిస్తుంది. అంటే ఆనాడు మనుషుల్ని కూల్చింది ఏ రహస్య విషమూ కాదు. అన్ని సీసాల్లోనూ ఉండే ఆల్కహాలే. దానికి తోడు చవక రకాల్లో రంగు కోసం కలిపిన రాగి లవణాల్లాంటి కల్తీ.

అండర్‌గ్రౌండ్ హీరోయిన్

నిషేధం అయితే వచ్చింది గానీ, లోయలో వాళ్ళు ఊరుకున్నారా? పచ్చ రంగు పట్టిస్తుందని రంగు వేయడం మానేశారు. తెల్లటి సరుకు. దాని పేరు 'లా బ్లూ', అంటే నీలిది. వంటింట్లో, నేలమాళిగలో, రాత్రిపూట కాచేవారు. అడవిలో ఊటల దగ్గర సీసా దాచిపెట్టి, తెలిసిన బాటసారి అక్కడి నీళ్ళే కలుపుకుని తాగి వెళ్ళేవాడు. 1983లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ న్యూషాటెల్ వస్తే, విందులో అబ్సింత్ కలిపిన చల్లటి మిఠాయి వడ్డించారు. దేశాధినేత విందులో నిషేధించిన సరుకు! పేపర్లకి పండగ, వడ్డించిన వాళ్ళకి విచారణ.

స్విట్జర్లాండ్ 2005 మార్చి 1న నిషేధం ఎత్తేసింది. అమెరికా 2007లో దారి ఇచ్చింది. ఫ్రాన్స్ 1915 నాటి చట్టాన్ని 2011లో పూర్తిగా కొట్టేసింది. దాదాపు వందేళ్ళ జైలు!

ఇంకో ముచ్చట చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. 1901 ఆగస్టు 11న పోంటార్లియేలోని పెర్నో ఫ్యాక్టరీ మీద పిడుగు పడింది. తొట్లు పేలిపోతాయని లక్షల లీటర్ల అబ్సింత్‌ని పక్కనున్న డూ నదిలోకి వదిలేశారు. రెండు రోజులకి, కొండకవతల పుట్టే లూ అనే వేరే నది నీళ్ళు అబ్సింత్ వాసన కొట్టాయి! నేల కింద ఈ నదికీ ఆ నదికీ సంబంధం ఉందని అప్పుడు గానీ లోకానికి తెలియలేదు. భూగోళ శాస్త్రానికి ఒక మందు చేసిన సాయం బహుశా ఇదొక్కటేనేమో.

క్రెడిట్ ఎవరిది?

ఇక నా సందేహం రెండో సగం. కవిత్వం పొంగుతుందా?

వెర్లేన్ తాగాడు, రాంబో తాగాడు, వాన్‌గో తాగాడు, తులూజ్ లోట్రెక్ అయితే బోలు చేతికర్రలో పోసుకుని తిరిగాడు. కాబట్టి ఆ కళకి కారణం ఇదే అంటారు. తాగుబోతు వెర్లేన్ 1873లో రాంబో మీద పిస్తోలు పేల్చి జైలుకి పోయాడు. ముసలితనం రాకముందే ముసలివాడై, తన ఆత్మకథలో అబ్సింత్‌ని నోరారా తిట్టుకుని, అయినా మానలేక 51వ ఏట పోయాడు. లోట్రెక్ 36వ ఏట. వాన్‌గో తన ఆఖరి 70 రోజుల్లో దాదాపు రోజుకో బొమ్మ వేశాడు. ఎండలో, పొలాల్లో నిలబడి, దినం దినం. ఆ పని మత్తులో కూరుకుపోయినవాడి వల్ల అయ్యేదేనా?

ఇది నాకు పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. కృష్ణానగర్‌లో నాకొక మిత్రుడుండేవాడు. పాటలు రాసేవాడు. రెండు సినిమాల్లో పేరు పడింది. "గురూ, గ్లాసు లేనిదే పల్లవి రాదు" అనేవాడు. నిర్మాతలకీ ఆ మాట నచ్చేది. కవి అంటే అలాగే ఉండాలని వాళ్ళ నమ్మకం. సిట్టింగు అంటే సీసా ముందు, ట్యూను తర్వాత. వాడికి 34 ఏళ్ళు నిండకుండానే లివర్ చేతులెత్తేసింది.

పెద్దకర్మ రోజున వాళ్ళమ్మ గారు నన్ను లోపలికి పిలిచి, "బాబూ, ఇవి నీకైతే అర్థమవుతాయి" అని నాలుగు నోటు పుస్తకాలు చేతిలో పెట్టింది. ప్రతి పేజీ మీదా వాడు తేదీ, వేళ వేసుకునేవాడు. ఆ అలవాటు నాకు తెలీదు. మనం పాడుకున్న ఆ మంచి పాట పల్లవి కింద 'ఉదయం 6.40' అని ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు, పక్కన టీ గ్లాసు మరక. మరో మంచి చరణం కింద 'బస్సులో, ఉదయం' అని. రాత్రి వేళ వేసిన పేజీలూ ఉన్నాయి. రెండు లైన్లు, కొట్టివేత. ఒక లైను, కొట్టివేత. చాలా వాటిలో తేదీ తప్ప ఏమీ లేదు.

వాడి పాటలు వాడివే. పొద్దున్నే లేచి, తల నిర్మలంగా ఉన్నప్పుడు వాడు రాసుకున్నవి. ఆ క్రెడిట్టంతా తీసుకెళ్ళి రాత్రి సీసాకి కట్టబెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళం ఔనౌనన్నాం. ఆ లోయలో గ్లాసు ముందు కూర్చున్నప్పుడు నాకు మెదిలింది ఇదే. కవులు రాసిన పద్యాల గొప్పనీ, కూలీ చేసిన హత్యల పాపాన్నీ, రెంటినీ లోకం ఒకే సీసా నెత్తిన పెట్టింది. ఒకచోట మనిషి కష్టం మాయమైంది. ఇంకోచోట మనిషి నేరం మాయమైంది.

అబ్సింత్ నాకు నచ్చింది. దాచడం దేనికి? ఆ వాసన, ఆ మబ్బు, ఆ నిదానం అన్నీ బాగున్నాయి. ఒక గ్లాసు తాగి, పెద్దావిడకి దణ్ణం పెట్టి, రైలెక్కి వచ్చేశాను. మర్నాడు ఎండ కాసింది, పాట తీశారు. నా కలం ముందురోజు ఎలా నడిచిందో ఆ రోజూ అలాగే నడిచింది.

కుర్రకారు పాఠకులకి ఒక్క మాట. ఈసారి తెర మీద హీరో గ్లాసు పట్టుకుని అద్భుతమైన పాట అందుకుంటే హాయిగా చూడండి, ఈల కూడా వేయండి. ఆ పాట రాసినవాడు మాత్రం ఏ తెల్లారుజామునో టీ తాగుతూ రాసి ఉంటాడని గుర్తుంచుకోండి. అప్సరస వాసన ఎలా ఉంటుందో చూడాలని సరదాగా ఉంటే స్విట్జర్లాండ్ దాకా వెళ్ళక్కర్లేదు. వచ్చే వినాయక చవితికి పత్రి కొన్నప్పుడు ఒక మాచిపత్రి ఆకు నలిపి, చిటికెడు సోంపు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకోండి. ముప్పాతిక వంతు అదే!